నిజామియా పలకల మీది చీకటి

భూమధ్యరేఖను ఆకాశం దాకా పొడిగించి ఊహిస్తే ఏర్పడే వృత్తాన్ని ఖగోళ మధ్యరేఖ అని, ఆ రేఖకు ఒక నక్షత్రం ఉత్తరంగానో దక్షిణంగానో ఎన్ని డిగ్రీల ఎడంలో ఉందో చెప్పే కొలతను క్రాంతి అని అంటారు. దక్షిణ క్రాంతి 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు, ఆకాశాన్ని వడ్డాణంలా చుట్టివచ్చే ఒక పట్టీ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో ప్రపంచ ఖగోళ పటంలో హైదరాబాదు వాటాగా నమోదైంది. ఆ పట్టీలోని నక్షత్రాలను గాజు పలకల మీదికి ఎక్కించి, ఒక్కొక్కదాని స్థానాన్ని కొలిచి, అచ్చువేయించిన పని నిజామియా వేధశాలది. నక్షత్రాల నడుమ ఉన్న శూన్యంలో అంతటా ధూళి పరచుకొని ఉందన్న సంగతి గానీ, పేలిపోయే నక్షత్రాలు ఆ ధూళిని అరగదీసి మాయం చేస్తాయన్న సంగతి గానీ ఆ పని మొదలైన నాటికి రుజువు కాలేదు. అయినా ఆ ధూళి దట్టంగా పేరుకున్న మబ్బులు కొన్ని, ఆ ధూళిని ఈనాటికీ తినివేస్తున్న ఒక పేలుడు శేషం, రెండూ హైదరాబాదు పట్టీలోనే ఉన్నాయి. తెలుగు నేల మీద జరిగిన ఖగోళ కృషిని గురించి రాసినవారు సంపుటాల సంఖ్యను చెప్పి ఊరుకున్నారే తప్ప, ఆ పలకలు ఏ ఆకాశాన్ని చూశాయన్న సంగతికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

వేధశాల పుట్టుక ఒక ప్రభువు అభిరుచిలో ఉంది. ఇంగ్లండులో చదువుకొని వచ్చిన నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల కటకం గల గ్రబ్ దూరదర్శినిని కొని, 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండలో తన సొంత వేధశాలను నెలకొల్పి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. ఆయన మరణానంతరం 1908లో అది నిజాం ప్రభుత్వ ఆర్థికశాఖ కిందికి వచ్చింది. ఊరికి దూరంగా, అప్పటికి చీకటిగా ఉన్న బేగంపేటకు తరలింది. మొదటి డైరెక్టరు ఆర్థర్ చాట్‌వుడ్ హయాంలో 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, అంటే కంటితో చూడడానికి కాక నక్షత్రాలను ఫోటో తీయడానికే అమర్చిన దూరదర్శిని, పనిలోకి దిగింది.

ఆ పని హైదరాబాదుకు వచ్చిన తీరు కూడా చెప్పుకోదగినదే. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ క్రాంతి పట్టీలుగా కోసి, వేర్వేరు దేశాల వేధశాలలకు పంచిపెట్టి, ఫోటోల ద్వారా ఒకే పట్టికను తయారుచేయాలని తీర్మానించుకున్నారు. పంచుకున్న వారందరూ మాట నిలబెట్టుకోలేదు. దక్షిణ అమెరికాలోని శాంటియాగో వేధశాల తన వాటాను పూర్తి చేయలేకపోగా, ఆ పట్టీయే హైదరాబాదు చేతికి వచ్చింది. అది ముగిశాక జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలిపెట్టిన ఉత్తర క్రాంతి 36 నుంచి 39 డిగ్రీల వాటాను కూడా నిజామియా వేధశాల భుజాన వేసుకుంది. మరొకరు దించుకున్న బరువును రెండుసార్లు ఎత్తుకున్న వేధశాలలు ఆ ఉమ్మడి పథకంలో ఎక్కువ లేవు.

పలక మీద ముందుగా 5 మిల్లీమీటర్ల గళ్ల వలను ముద్రించి, దాని మీద నక్షత్రాల కాంతిని పడనిచ్చి, కడిగి ఆరబెట్టిన తరువాత, సూక్ష్మదర్శిని కింద పెట్టి ప్రతి చుక్క ఏ గడిలో ఏ మేరకు లోపలికి ఉందో కొలవాలి. ఆ చుక్క పరిమాణాన్ని బట్టి నక్షత్రపు ప్రకాశాన్ని అంచనా కట్టాలి. 1914 నుంచి 1918 వరకు రాబర్ట్ పోకాక్, ఆ తరువాత 1944 వరకు టి.పి. భాస్కరన్ డైరెక్టర్లుగా ఉన్న కాలంలో ఈ కొలత సాగింది. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి పోయింది. మొత్తం మీద 12 సంపుటాలలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చయ్యాయి. చరిత్ర పుస్తకాలు డైరెక్టర్ల పేర్లనే చెబుతాయి గానీ, ఇంత పెద్ద అంకెకు అసలు ఆధారం గాజు పలక మీదికి వంగి కళ్లు కాయలు కాచేలా చుక్కలు లెక్కపెట్టిన గుమాస్తాల ఓపికే అన్నది విస్మరించరానిది.

అయితే ఆ పలకల మీద చుక్కలు లేని చోట్లు కూడా ఉన్నాయి, ఈ వ్యాసానికి ముఖ్యమైనవి అవే. 1785లోనే విలియం హెర్షెల్ వృశ్చిక రాశిలో, హైదరాబాదు పట్టీకి దక్షిణపు అంచు వద్ద, ఒక్క నక్షత్రమైనా లేని చీలిక వంటి జాగాను గుర్తించి, అక్కడి నక్షత్రాలు పక్కన ఉన్న గుంపులోకి లాగబడి ఉంటాయని ఊహించాడు. పట్టీ నడుమ, ధనూ రాశిలో దక్షిణ క్రాంతి 18 డిగ్రీల వద్ద, ఆకాశగంగలోని ఒక దట్టమైన నక్షత్ర మేఘం మీద మసి అంటించిన వేలిముద్ర వంటి నల్లని మచ్చ ఉంది. ఎడ్వర్డ్ బర్నార్డ్ అనే అమెరికన్ పరిశీలకుడు ఏళ్ల తరబడి ఇటువంటి మచ్చలను ఫోటో తీసి, 1919లో 182 నల్లని వస్తువుల పట్టికను ప్రకటించినప్పుడు దానికి 92వ సంఖ్య దక్కింది. అవి రంధ్రాలు కావనీ, వెనకనున్న వెలుగును అడ్డుకునే తెరలనీ బర్నార్డ్ క్రమంగా నమ్మకానికి వచ్చాడు. 1930లో లిక్ వేధశాలకు చెందిన రాబర్ట్ ట్రంప్లర్ నక్షత్ర గుచ్ఛాల దూరాలను రెండు విధాలుగా లెక్కగట్టి, దూరం పెరిగేకొద్దీ వాటి కాంతి ఉండవలసిన దానికన్నా ఎక్కువగా తగ్గుతోందని చూపడంతో వివాదం తేలిపోయింది: మచ్చలలోనే కాదు, ఆకాశగంగ తలమంతటా పలచని ధూళి ఉంది.

ఈ ధూళి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొట్టి, ఎరుపును కొంత దాటనిస్తుంది. సాయంకాలపు సూర్యుడు ఎర్రబడడానికి కూడా ఇటువంటి చెదరగొట్టడమే కారణం. ఆనాటి ఫోటో పలకలు నీలి కాంతికే ఎక్కువగా స్పందించేవి. కనుక నిజామియా కొలతగాళ్లు ఆకాశగంగ దిశలో నమోదు చేసిన ప్రకాశాలన్నిటిలో ధూళి తీసుకున్న తరుగు కలిసే ఉంది. వారు నక్షత్రాన్ని కొలిచామనుకున్నారు. నిజానికి నక్షత్రాన్ని, దారిలోని ధూళిని కలిపి కొలిచారు. ఇందులో వారి తప్పేమీ లేదు, అప్పటి ప్రపంచంలోని అన్ని వేధశాలలదీ ఇదే స్థితి.

ధూళి అన్న మాట ఇక్కడ ఇంటి దుమ్మును స్ఫురింపజేయరాదు. నక్షత్రాంతర ధూళిలోని రేణువులలో పెద్దవి కూడా మిల్లీమీటరులో నాలుగు వేల వంతు దాటవు. చిన్నవి అందులో యాభయ్యో వంతు ఉంటాయి. కొన్ని ఇసుకను పోలిన సిలికేటులు, కొన్ని బొగ్గును పోలిన కర్బన పదార్థాలు. ఆకాశగంగలోని సాధారణ ప్రదేశంలో పొడవు, వెడల్పు, ఎత్తు నూరేసి మీటర్లు ఉండే గదిని ఊహించుకుంటే అందులో దొరికేది ఒక్క రేణువు మాత్రమే. అంతరిక్ష పదార్థంలో నూటికి ఒక పాలు మాత్రమే ఉండే ఈ ధూళి, దూరాలు వేల కాంతి సంవత్సరాలు కావడం వల్లనే తెరగా పరిణమిస్తుంది. వయసు మళ్లి ఉబ్బిన నక్షత్రాలు విడిచే వాయువు చల్లబడినప్పుడు, పొయ్యి పొగ దూలానికి మసిగా పట్టినట్టు, ఈ రేణువులు గడ్డకడతాయి. భూమి, దాని మీది ఇనుము, ఇసుక అన్నీ ఒకప్పుడు ఇటువంటి రేణువులుగా ఉన్నవే కాబట్టి, వాటి పుట్టుకతో పాటు వాటి వినాశాన్ని కూడా లెక్కగట్టవలసిన అవసరం శాస్త్రానికి కలిగింది.

వినాశానికి నిదర్శనం హైదరాబాదు పట్టీలోనే, దక్షిణ క్రాంతి ఇరవై ఒకటిన్నర డిగ్రీల వద్ద, సర్పధారి అనే నక్షత్ర మండలంలో ఉంది. చార్మినారు నిర్మాణం జరిగిన 13 సంవత్సరాల తరువాత, 1604 అక్టోబరులో, గురుడు, శని, కుజుడు దగ్గరదగ్గరగా చేరి ఉన్న చోట ఒక కొత్త నక్షత్రం వెలిగి, గురుణ్ణి మించిన కాంతితో ప్రకాశించి, క్రమంగా తగ్గుతూ సుమారు ఏడాది పాటు కంటికి కనిపించింది. ఐరోపాలో యోహానెస్ కెప్లర్ దాని మీద 1606లో గ్రంథం ప్రకటించినందువల్ల అది ఆయన పేరుతో స్థిరపడింది. చైనా, కొరియా పరిశీలకులు కూడా దానిని శ్రద్ధగా రాసిపెట్టారు. ఆకాశగంగలో మనిషి కంటికి స్పష్టంగా కనిపించిన నక్షత్ర విస్ఫోటాలలో అదే చివరిది. ఆ పేలుడు చోటుకూ భూమికీ నడుమ ధూళి ఎంత దట్టంగా ఉందంటే, దాని వెలుగులో పదింట ఒక వంతు కూడా ఇక్కడికి చేరలేదని ఇప్పటి లెక్కలు చెబుతున్నాయి. ధూళిని మట్టుబెట్టే నక్షత్రాన్ని ధూళి తెర వెనక నుంచే లోకం చూసిందన్నమాట.

నిజామియా ఆస్ట్రోగ్రాఫ్ ఆ చోటు మీదుగా పోయినప్పటికి అక్కడ మిగిలిన శేషం దాని శక్తికి అందనంత మసకగా ఉంది. 1941లో వాల్టర్ బాడే మౌంట్ విల్సన్ వేధశాలలోని 100 అంగుళాల దూరదర్శినితో దానిని పట్టుకున్నాడు. హైదరాబాదు పట్టికలో ఆ చోట ఉన్నవి చుట్టుపక్కల నక్షత్రాలు మాత్రమే.

పేలిన నక్షత్రం ధూళిని ఎలా నాశనం చేస్తుందన్నది అగ్గి తగిలి కాలిపోయినంత సూటి విషయం కాదు. పేలుడు పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో ఎగజిమ్మి, ముందున్న వాయువును ఒక్కసారిగా నెట్టి, నొక్కి, లక్షల నుంచి కోట్ల డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఈ తాకిడి అంచును ఆఘాత తరంగం అంటారు. కృష్ణా డెల్టాలో కళ్లం మీద వడ్లు తూర్పారబట్టడం చూసినవారికి దీని లోగుట్టు సులువుగా బోధపడుతుంది. గాలి విసిరినప్పుడు పొట్టు గాలితో పోతుంది, గింజ తన బరువు వల్ల ఉన్నచోటనే దిగుతుంది. ఆఘాత తరంగం వచ్చినప్పుడు వాయువు తోసుకుపోతుంది, దానికన్నా ఎన్నో రెట్లు బరువైన ధూళి రేణువు వెంటనే కదలలేక వెనకబడుతుంది. దానితో వాయువులోని పరమాణువులు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో రేణువు మీద వచ్చి పడి, దాని పైపొర నుంచి ఒక్కో పరమాణువును ఎగరగొడతాయి. ఈ చెక్కుడును శాస్త్రజ్ఞులు స్పట్టరింగ్ అంటారు. అయితే కళ్లంలో మిగిలేది గింజ, ఇక్కడ గింజే తరుగుతుంది. ఇది మొదటి దెబ్బ. వాయువు వేగంతో రేణువు వేగం కలిసిపోయిన తరువాత కూడా చుట్టూ ఉన్న వేడి వల్ల పరమాణువులు అన్ని దిక్కుల నుంచీ కొడుతూనే ఉంటాయి. ఇది రెండవది, తీరికగా సాగే అరుగుదల. మూడవది రేణువుకు రేణువు ఢీకొనడం. విద్యుదావేశం గల రేణువులు అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరుగుతూ వేగం పుంజుకొని, ఒకదానికొకటి తగిలి తునకలవుతాయి. తునకలైనంత మాత్రాన పదార్థం పోదు గానీ, చిన్న తునక పెద్ద రేణువు కన్నా త్వరగా అరిగిపోతుంది.

1979లో బ్రూస్ డ్రెయిన్, ఎడ్విన్ సాల్పీటర్ ఈ అరుగుదలకు లెక్క కట్టారు. ఘన సెంటీమీటరుకు ఒక పరమాణువు చొప్పున ఉండి, పది లక్షల డిగ్రీలు దాటిన వాయువులో మిల్లీమీటరులో పదివేల వంతు ఉన్న రేణువు సుమారు లక్ష సంవత్సరాలలో అరిగిపోతుంది. వాయువు సాంద్రత ఎన్ని రెట్లు పెరిగితే ఆ గడువు అన్ని రెట్లు తగ్గుతుంది. నాశనమంటే ఇక్కడ ఘనరూపం పోవడమే. రేణువులోని సిలికాన్, మెగ్నీషియం, ఇనుము పరమాణువులు వాయువులో కలిసి తిరుగుతాయి.

కెప్లర్ శేషం విషయంలో ఈ లెక్క పరీక్షకు నిలబడింది. 2003లో అంతరిక్షంలోకి పంపిన స్పిట్జర్ పరారుణ దూరదర్శిని, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను పట్టే పరికరం, ఆఘాత తరంగం వెనక వేడెక్కిన ధూళి వెలుగును ఆ శేషం అంచుల వెంబడి కొలిచింది. 2007లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం అక్కడ ఇప్పుడు వేడెక్కి ఉన్న ధూళి మొత్తం సూర్యుని ద్రవ్యరాశిలో పదివేల పాళ్లకు ఐదున్నర పాళ్లు కాగా, అరగకముందు సుమారు ముప్పై పాళ్లు ఉండి ఉండాలి. నాలుగు వందల ఏళ్ల వ్యవధిలో, తరంగం తాకిన ధూళిలో ఐదింట నాలుగు వంతులు మాయమైందన్నమాట. ఆ ధూళి పేలుడులో పుట్టింది కాదు. పేలక ముందు ఆ వ్యవస్థలోని నక్షత్రం తన చుట్టూ విడిచిపెట్టుకున్నది.

వినాశానికి తొలి ఆచూకీ మాత్రం పరారుణ కిరణాలకు అర్ధ శతాబ్దం ముందే, మరో దారిన దొరికింది. నక్షత్రపు కాంతిని రంగులుగా విడదీసినప్పుడు ఏర్పడే వర్ణపటంలో, దారిలోని వాయువు కొన్ని రంగులను మింగడం వల్ల సన్నని నల్లగీతలు పడతాయి. మామూలు అంతరిక్ష మేఘాలలో సోడియం గీతలు బలంగా, కాల్షియం గీతలు బలహీనంగా ఉంటాయి, ఎందుకంటే కాల్షియంలో చాలా భాగం ధూళి రేణువులలో బందీగా ఉంటుంది. వేగంగా కదిలే మేఘాలలో కాల్షియం వాటా అనూహ్యంగా పెరుగుతోందని 1952లో పాల్ రౌట్లీ, లైమన్ స్పిట్జర్ గమనించారు. పరారుణ దూరదర్శినికి తరువాత పెట్టింది ఈ స్పిట్జర్ పేరే. మేఘాన్ని అంత వేగంగా తోసిన తాకిడే ధూళిని చెక్కి కాల్షియాన్ని విడిపించిందన్నది ఈ గమనికకు నిలిచిన వివరణ.

ఈ దారిలో జరిగిన పనిలో నిజామియా వారసత్వపు నీడ ఉంది. తమిళనాడులోని కావలూరు వేధశాలను కట్టిన వేణు బాపు నిజాం కాలేజీలో చదివినవాడు, ఆయన తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి. 1986లో కావలూరులో ప్రారంభమై బాపు పేరు పెట్టుకున్న 2.3 మీటర్ల దూరదర్శినితో, భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు, ఆయన సహచరులు 2011, 2012 సంవత్సరాలలో వేలా విస్ఫోట శేషం దిశలోని నక్షత్రాల వర్ణపటాలను తీశారు. వేలా అంటే ఓడ తెరచాప అనే దక్షిణ నక్షత్ర మండలం. అక్కడి పేలుడు సుమారు పదకొండు వేల ఏళ్ల కిందటిది, దూరం వెయ్యి కాంతి సంవత్సరాల లోపే. ఇతరులు 1990ల నడుమ తీసిన వర్ణపటాలతో వాటిని పోల్చినప్పుడు, కొన్ని నక్షత్రాల దిశలో సోడియం గీతల బలమో వేగమో మారినట్టు తేలింది. లక్షల ఏళ్ల మీద సాగుతాయనుకునే అంతరిక్ష మార్పులు పదిహేను, ఇరవై ఏళ్లలో కంటికి కనిపించడం అరుదు. ఆఘాత తరంగం నలిపిన మేఘాలలోనే అది సాధ్యం. ఒకే చోటును మళ్లీ మళ్లీ చూసి, పాత కొలతను పక్కన పెట్టి సరిపోల్చే ఈ పద్ధతి బేగంపేట పలకల నాటి పద్ధతికి భిన్నమైనది కాదు.

ఇంత వినాశం జరుగుతుంటే ధూళి ఇంకా మిగలడం ఎలా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఆకాశగంగలో శతాబ్దానికి రెండు, మూడు పేలుళ్ల చొప్పున లెక్కవేస్తే ఒక రేణువు సగటు ఆయుష్షు నలభై కోట్ల సంవత్సరాల ప్రాంతాన తేలుతోంది. వృద్ధ నక్షత్రాలు ఆ ధూళినంతటినీ మళ్లీ నింపడానికి రెండు వందల కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. రాబడి కన్నా ఖర్చు ఐదారు రెట్లు ఎక్కువగా ఉన్న ఈ పద్దును సరిదిద్దడానికి, చల్లని దట్టమైన మేఘాలలో విడి పరమాణువులు మళ్లీ రేణువులకు అంటుకొని పెరుగుతాయని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. పేలుళ్లే ధూళిని పుట్టిస్తాయన్నది మరో వాదన. 1987లో పెద్ద మాగెల్లాన్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో పేలిన నక్షత్రపు శేషంలో సూర్యుని ద్రవ్యరాశిలో సగానికి దగ్గరగా ధూళి ఉందని హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని 2011లో చూపింది. కానీ పేలుడు పదార్థంలోకి లోపలి వైపు తిరిగి వచ్చే ఎదురు తరంగం ఆ ధూళిలో ఎంత మిగలనిస్తుందో చూడకుండా దానిని రాబడి కింద రాయడం తొందరపాటే.

కొన్ని రేణువులు బతికి బయటపడతాయన్నది మాత్రం నిశ్చయం. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కలో సూర్యునికన్నా ముందే పుట్టిన సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. 2020లో ప్రకటించిన కొలతల ప్రకారం వాటిలో కొన్నిటి వయసు ఐదు వందల కోట్ల ఏళ్లు దాటింది.

నిజామియా సంపుటాలకు కూడా అటువంటి రెండో బతుకు దొరికింది. హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలను పాత ఖగోళ పట్టికలతో కలిపి 2000లో వెలువరించిన టైకో-2 పట్టికలో, సుమారు పాతిక లక్షల నక్షత్రాలు ఎటు, ఎంత వేగంతో జరుగుతున్నాయో తేల్చడానికి పారిస్ ఉమ్మడి పథకపు కొలతలు, వాటిలో హైదరాబాదువి కూడా, మొదటి ఆనవాలుగా ఉపయోగపడ్డాయి. ఈలోగా నగరపు వెలుగు బేగంపేటను ముంచెత్తింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని 1968లో జాపాల్–రంగాపురం గుట్ట మీద నెలకొల్పుకోవలసి వచ్చింది.

హైదరాబాదు పట్టీని చూడడానికి ఇప్పుడు హైదరాబాదు తగిన చోటు కాదు. బాపట్ల జిల్లాలోని రామాపురం తీరం వంటి చోట, జ్యేష్ఠ మాసపు అమావాస్య నాటి నడిరేయి, మబ్బు పట్టకపోతే, కెప్లర్ నక్షత్రం పేలిన చోటు దక్షిణాన దిగంతానికి సుమారు 53 డిగ్రీల ఎత్తున, వృశ్చికానికీ ధనుస్సుకూ నడుమ నిలుస్తుంది. ఫాల్గుణ మాసపు తొలి రాత్రి వేళలలో వేలా శేషం అదే దిక్కున 29 డిగ్రీల ఎత్తుకు, అంటే చాచిన చేతి పిడికిళ్లు మూడింటి మేరకు లేస్తుంది. రెండు చోట్లా కంటికి ఆనేది ఏమీ ఉండదు.